పంప్ యాక్షన్ రైఫిల్‌కు స్కోప్, తూటా ఎంచుకోవడం: నా ప్రాజెక్టు డైరీ

ఆగస్టు 17, 2024, శనివారం

ఈ రోజు రైఫిల్ ఇంటికొచ్చింది. రెమింగ్టన్ 760 గేమ్‌మాస్టర్, క్యాలిబర్, అంటే దీనికి పట్టే తూటా కొలత, .30-06. ఇక్కడ అందరూ థర్టీ-ఆట్-సిక్స్ అంటారు. అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని పిట్స్‌బర్గ్ శివారులో పాత తుపాకులు అమ్మే షాపులో దొరికింది. బ్యారెల్ ఎడమ పక్క చిన్న అక్షరాలుంటాయి. మొదటి అక్షరం తయారైన నెల. రెమింగ్టన్ వాళ్లు బ్లాక్‌పౌడర్‌ఎక్స్ అనే మాటలోని పన్నెండు ఇంగ్లీషు అక్షరాలను పన్నెండు నెలలకు వాడారు. నా దాని మీద ‘ఓ’ ఉంది, అంటే జులై. రెండో అక్షరం చూసి ఇది 1960లలో చేసిందని షాపులో చెప్పారు. నాకంటే పెద్దది.

పంప్ యాక్షన్ ఎందుకని తెలిసినవాళ్లు కూడా అడుగుతున్నారు. పెన్సిల్వేనియాలో సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌తో, అంటే ఒకటి కాల్చగానే రెండో తూటా తనంతట తనే ఎక్కే దానితో, జింకల వేటకు అనుమతి లేదు. దట్టమైన చెట్ల మధ్య రెండో తూటా త్వరగా ఎక్కించాలంటే, భుజం మీంచి రైఫిల్ దించకుండా ఎడమ చేత్తో ముందు పిడిని వెనక్కి లాగి ముందుకు తోసే ఈ పద్ధతే నయం అని ఈ రాష్ట్రం వాళ్లు ఎప్పుడో తేల్చుకున్నారు. 760 మోడల్ 1952లో వచ్చింది. 1981లో దాని తర్వాతి రూపంగా 7600 వచ్చింది. మా వీధిలో ఉండే పెద్దాయన, స్టీలు మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి, నలభై ఏళ్లుగా 760తోనే వేటాడుతున్నాడు. పోయిన ఏడాది రైఫిల్ లేకుండా ఆయన వెంట అడవికి వెళ్లాను. ఈ ఏడాది నా రైఫిల్‌తో వెళ్తాను.

ఇక్కడున్న మనవాళ్లకు ఒక మాట. హెచ్-1బి లాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉంటే ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. అయినా లాయర్ని అడగకుండా అడుగు వేయొద్దు. నాకు గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆగాను. తర్వాత హంటర్-ట్రాపర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేసి లైసెన్సు తీసుకున్నాను.

రాత్రి అమ్మకు ఫోన్లో చెప్పాను. “ఏరా, జింకని కాలుస్తావంట?” అంది. ఆ గొంతులో బాధ ఉంది. మాది మార్కాపురం వైపు. నల్లమల అంచున పెరిగినవాడికి జింక అంటే ఏమిటో తెలుసు. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జింకను కాపాడుతోంది, కాపాడాలి కూడా. ఇక్కడి సంగతి వేరు. నూట పాతికేళ్ల కిందట పెన్సిల్వేనియాలో జింకలు దాదాపు అయిపోయాయి. 1895లో ఏర్పడిన గేమ్ కమిషన్, అంటే వేట, వన్యప్రాణుల సంగతి చూసే రాష్ట్ర సంస్థ, వేరే రాష్ట్రాల నుంచి జింకల్ని తెచ్చి వదిలింది. ఇప్పుడవి అడవిలో కొత్త మొలకను ఎదగనివ్వనంతగా పెరిగాయి. ఏటా సుమారు నాలుగు లక్షల జింకల్ని వేటగాళ్లు తీసుకుంటున్నా సంఖ్య నిలబడే ఉంది. ఇదంతా విని అమ్మ, “సరే, ఒక్క దెబ్బకు పోవాలి. గాయంతో పరిగెత్తి ఎక్కడో పడి చావకూడదు” అంది. ఈ నాలుగు నెలల పనికి కొలత అదే.

ఆగస్టు 24

విప్పి చూశాను. బోల్ట్ యాక్షన్ రైఫిల్ అయితే బోల్టు, అంటే తూటా వెనక మూసే ఇనుప కడ్డీ, లాగేసి వెనక నుంచి బ్యారెల్ తుడవొచ్చు. దీని రిసీవర్, అంటే బ్యారెల్ వెనకుండే ఇనుప పెట్టె, వెనక మూసి ఉంటుంది కాబట్టి ముందు నుంచే రాడ్ పెట్టాలి. బ్యారెల్ కొన అరిగితే గురి పాడవుతుంది. అందుకని కొనకు ఇత్తడి గైడు తొడిగి, రిసీవర్‌లోకి మురికి కారకుండా రైఫిల్‌ను తలకిందులుగా పెట్టి తుడిచాను. నాలుగు గుడ్డముక్కలు నల్లగా, ఐదోది పచ్చగా వచ్చింది. పచ్చదనం పాత బుల్లెట్ల రాగి.

తూటా కూర్చునే గది, అంటే చాంబర్, టార్చి వేస్తే గరుకుగా కనిపించింది. పాత 760లు కొనేవాళ్లు మొదట చూడాల్సిన చోటు ఇదే. తడిసిన రైఫిల్‌ను తుడవకుండా బీరువాలో పెడితే అక్కడ తుప్పు గుంటలు పడతాయి. పేలినప్పుడు ఇత్తడి కేసు ఉబ్బి ఆ గుంటల్లో పట్టుకుంటుంది. బోల్ట్ యాక్షన్‌లో పిడి పైకి తిప్పగానే కేసును కొంచెం వదులు చేసే బలం పుడుతుంది. పంపులో ఆ బలం తక్కువ. కేసు ఇరుక్కుంటే పిడి కదలదు, రెండో తూటా ఎక్కదు.

గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లాను. బ్యారెల్ లోపల చూపించే బోర్‌స్కోప్ పెట్టి చూసి, గుంటలు లోతుగా లేవన్నాడు. పైపైన పాలిష్ చేసి, గో, నో-గో గేజీలతో హెడ్‌స్పేస్, అంటే చాంబర్‌లో తూటాకు, బోల్టుకు మధ్య ఉండే ఖాళీ, కొలిచి సరిగ్గా ఉందని చెప్పాడు. పాత రైఫిల్ కొన్నవాళ్లు ఒక్క తూటా కాల్చకముందే చేయించాల్సిన పని ఇది. దీని మీద డబ్బు మిగుల్చుకోవడం నాకు సరి అనిపించదు.

రైఫిల్ మీద పాతకాలపు సీ-త్రూ మౌంట్లున్నాయి. స్కోప్, అంటే గురి చూసే దుర్భిణి, పైన, దాని కింద సందులోంచి బ్యారెల్ మీదుండే ఇనుప గురి సైట్లు కనిపించేలా పెట్టే ఎత్తైన రింగులు. ఈ ప్రాంతంలో చాలా పాత రైఫిళ్లకు ఇవే. ఈ రైఫిల్ స్టాక్ ఇనుప సైట్ల కోసం చేసింది, కాబట్టి చెంప ఆనే చోటు కిందికుంది. ఎత్తైన స్కోప్‌లోకి చూడాలంటే చెంప ఎత్తి గాల్లో పెట్టాలి. చెంప ఒక్కో సారి ఒక్కో చోట ఆనితే గురి కూడా అలాగే మారుతుంది. వాటిని తీసి పక్కన పెట్టాను.

ఆగస్టు 31

“ముందు నీ అడవిలో ఎంత దూరం కనిపిస్తుందో చూసుకో, స్కోప్ తర్వాత కొను” అన్నాడు పెద్దాయన. ఈ మాట షాపుల్లో ఎవరూ చెప్పలేదు. దూరం కొలిచే లేజర్ రేంజిఫైండర్ పట్టుకుని లారెల్ హైలాండ్స్‌లోని ఫోర్బ్స్ స్టేట్ ఫారెస్టుకు వెళ్లాను. హెమ్లాక్ చెట్ల నీడ, కింద నడుం ఎత్తున మౌంటెన్ లారెల్ పొదలు. నేను నిలబడబోయే, కూర్చోబోయే చోట్లు ఇరవై ఎంచి, ఒక్కో చోటి నుంచి జింక పూర్తిగా కనిపించగల దూరాలు రాసుకున్నాను.

ఇరవైలో పధ్నాలుగు చోట్ల 70 గజాలు దాటి చూపు ఆనలేదు. ఐదు చోట్ల 70 నుంచి 110. పాత దుంగల దారి మీద ఒకే ఒక్క చోట 160 గజాలు. రెండు చోట్ల అయితే 25 గజాలకే పొద అడ్డం. ఇంటర్నెట్లో నెలరోజులుగా 300 గజాల లెక్కలు చదువుతూ కూర్చున్నాను. ఈ కాగితం చూశాక అవన్నీ పక్కన పడ్డాయి.

సెప్టెంబర్ 7, వినాయక చవితి

ఉదయం పూజ, ఉండ్రాళ్లు. సాయంత్రం స్కోపుల పని.

మూడు రకాల మధ్య నలిగాను: 1.5-4x20, 2-7x33, 3-9x40. మొదటి అంకెలు ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో చెప్తాయి, చివరిది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. జింకల రైఫిల్ అనగానే ఎక్కువమంది 3-9x40 తీసుకుంటారు. అది మంచి స్కోపే. కానీ నా కాగితం వేరే మాట చెప్తోంది.

ముందు చూపు వెడల్పు. 3 రెట్ల దగ్గర 100 గజాల దూరంలో సుమారు 33 అడుగుల వెడల్పు కనిపిస్తుంది. 2 రెట్ల దగ్గర సుమారు 44. 25 గజాల్లో ఈ అంకెలు నాలుగో వంతవుతాయి: ఒకటి 8 అడుగులు, ఇంకొకటి 11. కదులుతున్న జింక పొదల సందులోంచి దాటేటప్పుడు ఆ మూడడుగుల తేడా చాలా పెద్దది. ఎక్కువ రెట్లు పెట్టుకుని దగ్గరి జింకను చూస్తే గోధుమరంగు వెంట్రుకలే కనిపిస్తాయి, అది భుజమో తొడో తెలియదు.

రెండోది వెలుగు. ముందు అద్దం వెడల్పును రెట్లతో భాగిస్తే కంట్లోకి వచ్చే కాంతిచుక్క వెడల్పు వస్తుంది. మసక చీకట్లో మనిషి కంటిపాప 5 నుంచి 7 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది, వయసు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. 40ని 9తో భాగిస్తే 4.4. 33ని 4తో భాగిస్తే 8కి పైనే. అంటే 2-7x33ని 4 రెట్ల మీద పెట్టుకుంటే నా కంటికి పట్టినంత వెలుగూ అందుతుంది. చీకటి పడేకొద్దీ రెట్లు తగ్గించాలి. చాలామంది తిరగేసి పెంచుతారు, నేనూ మొదట అలాగే చేశాను.

లెక్కలతో సరిపెట్టలేదు. ఖాళీ స్కోపులు, రైఫిల్ లేకుండా, పెద్దాయన వెనక పెరట్లోకి పట్టుకెళ్లాం. ఆయనది 3-9x40, షాపువాళ్లు చూసుకోమని ఇచ్చినవి మిగతా రెండూ. 60 గజాల్లో హెమ్లాక్ కింద గోధుమరంగు గోనెసంచి, దాని మీద నల్లదారంతో కట్టిన కొమ్మ. సూర్యుడు దిగాక 25 నిమిషాలకు 20 మిల్లీమీటర్ల స్కోప్‌లో కొమ్మ మొనలు కలిసిపోయాయి. 33, 40 రెండింట్లోనూ, నాలుగైదు రెట్ల మీద ఉంచితే, మొనలు లెక్కపెట్టగలిగాను. ఇక్కడ సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా కాల్చొచ్చు. మగజింకను కాల్చాలంటే కొమ్ములకు కనీసం ఒక పక్క మూడు మొనలుండాలని మా యూనిట్‌లో, అంటే మా వేట ప్రాంతంలో, నిబంధన. ఆ ఆఖరి నిమిషాల్లో మొనలు కనిపించని స్కోప్ నాకు పనికిరాదు.

33, 40 మధ్య తేడా మౌంటు దగ్గర తేలింది. 40 మిల్లీమీటర్ల స్కోప్ ముందుండే వెడల్పాటి భాగం కిందికి పెడితే బ్యారెల్ మీది వెనక సైటుకు తగులుతుంది, ఎత్తైన రింగులు కావాలి. 33 అయితే తక్కువ ఎత్తు రింగుల్లో ఇమిడిపోతుంది, చెంప స్టాక్‌కి గట్టిగా ఆనుతుంది. లూపోల్డ్ వీఎక్స్-ఫ్రీడమ్ 2-7x33 ఖాయం చేశాను. ఆరెగాన్‌లోని బీవర్టన్‌లో చేస్తారు. లోపల గీతలు మామూలు డ్యూప్లెక్స్: అంచుల దగ్గర లావుగా, మధ్యలో సన్నగా. చీకట్లో లావు గీతలు చూపును మధ్యకు తెస్తాయి.

సెప్టెంబర్ 21

బిగించాను. పంప్ రైఫిల్‌కు స్కోప్ ఎక్కించేటప్పుడు ఒక చిక్కుంది. బోల్టు తీసి బ్యారెల్ గుండా చూసి గురి కలపడం కుదరదు. బ్యారెల్ కొనలో పెట్టే లేజర్ బోర్‌సైటర్ కొన్నాను. గోడ మీద ఎర్రచుక్క, స్కోప్ గీతలు ఒకచోటికి తెచ్చాను. దాంతో కాగితం మీద పడుతుందనే నమ్మకం వస్తుంది, అంతే.

కంటికీ స్కోప్‌కీ దూరం సరిచూసేటప్పుడు చలికోటు తొడుక్కున్నాను. సెప్టెంబర్ ఎండలో చెమటలు కారాయి. కోటు మందం భుజం దగ్గర దాదాపు అంగుళం తినేస్తుంది. టీ షర్టు మీద సరిచేసిన స్కోప్ డిసెంబర్‌లో నుదుటికి దగ్గరగా వస్తుంది. ఈ క్యాలిబర్ ఎదురుదెబ్బకు కనుబొమ్మ చిట్లినవాళ్లను చూశాను.

స్క్రూలు బిగించాక పిడిని మెల్లగా వెనక్కీ ముందుకీ ఆడించి చూశాను. రింగుల కింద రిసీవర్‌కు బిగించే పట్టీని బేస్ అంటారు, దాని స్క్రూ పొడవెక్కువైతే లోపల కదిలే భాగాలకు తగులుతుంది. ఎక్కడా పట్టలేదు.

సెప్టెంబర్ 28

రేంజిలో, అంటే కాల్పుల సాధన చేసే చోట, మొదటి రోజు. 25 గజాల్లో మొదలుపెట్టాను. మొదటి తూటా 3 అంగుళాలు కిందికి, 2 అంగుళాలు ఎడమకు. ఈ స్కోప్ ఒక్కో క్లిక్ 100 గజాల్లో పావు అంగుళం జరుపుతుంది. 25 గజాల్లో అది అంగుళంలో పదహారో వంతే. కాబట్టి పైకి 48 క్లిక్కులు, కుడికి 32. ఈ నాలుగు రెట్ల లెక్క మర్చిపోయి తూటాలు వృథా చేసేవాళ్లు పక్క బెంచీలోనే కనిపించారు. రెండో తూటా మధ్యకు వచ్చింది. స్కోప్ బ్యారెల్‌కు పైన ఉంటుంది కాబట్టి 25 గజాల్లో అర అంగుళం కిందికి తగిలేలా ఉంచి 100కి మారాను.

అక్కడ టెన్షన్ మొదలైంది. మూడు తూటాలు 3 అంగుళాల్లో పడ్డాయి. తర్వాతి మూడు 5 అంగుళాల్లో, అవి కూడా కుడికి జరిగి. తూటాలో లోపమా, నా చేతిలోనా, చాంబర్ పాలిష్‌లోనా? పన్నెండు తూటాలయ్యాక ఆపేసి స్కోప్‌ను చేత్తో పట్టుకుని కదిపాను. వేలికి తెలిసేంత ఆడింది. రింగులు గట్టిగానే ఉన్నాయి, బేస్ కదులుతోంది.

తప్పు నాదే. అరవై ఏళ్ల నూనె స్క్రూ రంధ్రాల్లో ఉంది. దాన్ని కడగకుండా బిగించాను.

అక్టోబర్ 12, దసరా

వారం కిందటే స్కోప్ మొత్తం దించాను. రంధ్రాలు, స్క్రూలు అసిటోన్‌తో కడిగి, ఆరబెట్టి, ఒక్కో స్క్రూకి వదులవకుండా పట్టే నీలిరంగు థ్రెడ్‌లాకర్ చుక్క పెట్టి, బిగింపు బలం కొలిచే టార్క్ స్క్రూడ్రైవర్‌తో బేస్‌కు 20 ఇంచ్-పౌండ్లు, రింగులకు 16 బిగించాను. ఒక రోజంతా కదపలేదు. స్క్రూ తలల మీద, బేస్ మీద కలిపి తెల్ల పెయింటు గీత పెట్టాను. గీత విరిగితే స్క్రూ తిరిగిందని అర్థం.

ఈ రోజు ఆయుధపూజలో కారు, కంప్యూటర్, మా ఆవిడ కుట్టుమిషన్ పక్కన రైఫిల్‌ను కూడా పెట్టి బొట్టు పెట్టాను. ఖాళీది, పిడి వెనక్కి లాగి, చాంబర్ తెరిచి. పాప దూరం నుంచి చూసింది. ముట్టుకోవద్దని చెప్పాల్సిన అవసరం రాలేదు, మొదటి రోజే కూర్చోబెట్టి చెప్పాను. రైఫిల్ సేఫ్‌లో, తూటాలు వేరే తాళంపెట్టెలో ఉంటాయి. రెండు తాళాలూ నా దగ్గరే.

అక్టోబర్ 19

ఇక తూటాలు. ఈ డైరీలో తూటా అంటే ఇత్తడి కేసు, మందు, బుల్లెట్ అన్నీ కలిపి. బుల్లెట్ అంటే ముందుకెళ్లి తగిలేది మాత్రమే. మనం రెంటినీ కలిపేస్తాం గానీ కొనేటప్పుడు విడదీసి ఆలోచించాలి.

బ్యారెల్ మీద ఏం రాసుందో పెట్టె మీద అదే ఉండాలి. .270, .30-06 రెండూ ఒకే పాత కేసు నుంచి వచ్చినవే, చూపుకు అన్నదమ్ముల్లా ఉంటాయి. .308 కూడా దగ్గరగా కనిపిస్తుంది. రేంజిలో నా బల్ల మీద ఒక్క క్యాలిబర్ తప్ప రెండోది పెట్టను.

బరువు గ్రెయిన్లలో చెప్తారు. ఒక పౌండుకు 7000 గ్రెయిన్లు. 150 గ్రెయిన్ల బుల్లెట్ అంటే 9.7 గ్రాములు, 180 అంటే 11.7 గ్రాములు. 150 గ్రెయిన్లు సెకనుకు సుమారు 2900 అడుగుల వేగంతో బయటికొస్తుంది, 180 అయితే 2700. ఇక్కడ దొరికే వైట్‌టెయిల్ (తెల్లతోక) జింకకు ఇందులో ఏదైనా సరిపోతుంది. బరువు పెరిగితే భుజం మీద దెబ్బ పెరుగుతుంది. దెబ్బకు భయపడి కళ్లు మూసేవాడికి బుల్లెట్ బరువు ఏ సాయమూ చేయదు. ఇక్కడ పెద్ద జంతువులకు తగలగానే విచ్చుకునే బుల్లెట్టే వాడాలని నిబంధన. సైన్యం వాడే, పూర్తిగా రాగి తొడిగిన రకం కుదరదు.

నాలుగు రకాలు తెచ్చాను. రెమింగ్టన్ కోర్-లాక్ట్ 150: 1939 నుంచీ వస్తున్న పాత పేరు, సీసం గుండె మీద రాగి తొడుగు. ఒక 165 గ్రెయిన్ల బాండెడ్ రకం, అంటే సీసం, తొడుగు విడిపోకుండా అతికించింది. ఒక 180 మెత్తటి మొన రకం. బార్న్స్ టీటీఎస్ఎక్స్ 150: మొత్తం రాగి, మొనలో చిన్న నీలి ప్లాస్టిక్ చుక్క.

ఒక్కో రకానికి మూడేసి తూటాల గ్రూపులు మూడు. గ్రూపుకూ గ్రూపుకూ మధ్య బ్యారెల్ చేత్తో పట్టుకోగలిగేంత చల్లారే దాకా ఆగాను. ఈ సన్నటి బ్యారెల్ మూడో తూటాకే వేడెక్కుతుంది, నాలుగోది పైకి ఎక్కుతోంది. వేటలో లెక్కలోకి వచ్చేది చల్లటి బ్యారెల్ నుంచి వెళ్లే మొదటి తూటా. అందుకే ప్రతి గ్రూపులోనూ మొదటి రంధ్రం చుట్టూ ఎర్రసిరా పెట్టాను.

ఒక సంగతి ఈ రోజే కనిపెట్టాను. పంప్ రైఫిల్ ముందు పిడి కదిలే భాగం. ఇసుకసంచి మీద పిడిని ఆనిస్తే ఒక గ్రూపు, రిసీవర్ ముందు భాగాన్ని, అంటే మ్యాగజీన్‌కు కొంచెం ముందు, ఆనిస్తే ఇంకో గ్రూపు. నా రైఫిల్‌లో పిడి మీద 3 అంగుళాలున్న గ్రూపు రిసీవర్ మీద 2కి తగ్గింది. అప్పటిదాకా కాల్చిన రెండు గ్రూపుల్ని కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాను.

అక్టోబర్ 26

ఫలితాలు, 100 గజాల్లో, మూడు గ్రూపుల సగటు వెడల్పు. కోర్-లాక్ట్ 150: ఒకటిముప్పావు అంగుళం. రాగి 150: రెండు అంగుళాలు. 165: రెండుంపావు. 180: మూడు. ఇది నా ఒక్క రైఫిల్ మాట. పక్కింటి 760కి 180 ఇష్టం కావచ్చు, పెద్దాయనది అంతే.

గురి ఒక్కటే చూస్తే కోర్-లాక్ట్ తీసుకోవాలి, ధర కూడా రాగి దానిలో దాదాపు సగం. అయినా రెండు రోజులు తెగలేదు. మా పాపకు ఆరేళ్లు. ఈ మాంసం తన కంచంలోకి వెళ్తుంది. సీసం బుల్లెట్ తగిలినప్పుడు కంటికి కనిపించని ముక్కలు గాయం నుంచి అంగుళాల దూరం చెదురుతాయి. 2008లో నార్త్ డకోటాలో పేదలకు దానంగా ఇచ్చిన జింకమాంసాన్ని ఎక్స్‌రే తీస్తే సీసపు ముక్కలు కనిపించాయి, ఆ మాంసాన్ని పారేయమని ఆరోగ్యశాఖ చెప్పింది. అదే ఏడాది అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీతో కలిసి చేసిన పరిశీలనలో వేటమాంసం తినేవాళ్ల రక్తంలో సీసం కొంచెం ఎక్కువగా తేలింది. పిల్లలకు, గర్భిణులకు సీసం ఎంత తక్కువైనా మంచిది కాదు.

పెద్దాయన నవ్వలేదు, వాదించలేదు. “నేను జీవితమంతా సీసమే తిన్నాను. నీ కూతురైతే నేనూ ఆలోచిస్తాను” అన్నాడు.

పావు అంగుళం తేడా 70 గజాల్లో ఏమంత? జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎనిమిది అంగుళాల వెడల్పు, టిఫిన్ పేపర్ ప్లేటంత. రాగి బుల్లెట్ విచ్చుకోవాలంటే వేగం కావాలి. నా దూరాల్లో వేగానికి లోటు లేదు. రాగి సీసం కంటే తేలిక కాబట్టి అదే బరువుకు బుల్లెట్ పొడవు పెరుగుతుంది, ఈ బ్యారెల్ లోపలి పది అంగుళాల మెలిక దాన్ని నిలబెడుతోంది. కాగితం మీద రంధ్రాలన్నీ గుండ్రంగా ఉన్నాయి, పక్కకు తిరిగిన గుర్తు ఒక్కటీ లేదు. రాగి 150 ఖాయం. ఒకే లాట్ నంబరున్న మూడు పెట్టెలు కొన్నాను.

నవంబర్ 9

రాగి బుల్లెట్ కోర్-లాక్ట్ కంటే రెండంగుళాలు ఎడమకు పడుతోంది. తూటా మార్చితే జీరో, అంటే స్కోప్ గురిని తూటా తగిలే చోటుతో కలపడం, మళ్లీ చేయాల్సిందే. 8 క్లిక్కులు కుడికి తిప్పాను. 100 గజాల్లో ఒకటిన్నర అంగుళం పైకి ఉంచాను. అలా ఉంటే 175 గజాల చుట్టుపక్కల బుల్లెట్ గురిబిందువుకు దిగుతుంది. నా అడవిలో ఎక్కడైనా ఎత్తు లెక్కలు వేయకుండా మధ్యకు గురిపెట్టొచ్చు.

బెంచి వదిలేశాను. నిలబడి, మోకాలి మీద, చెట్టుకు ఆనుకుని, 50 గజాల్లో పేపర్ ప్లేటు మీద. సాధనకు మిగిలిన కోర్-లాక్ట్ వాడాను, రెండంగుళాలు కుడికి పడతాయని తెలిసే. ముప్పై తూటాల్లో నిలబడి కాల్చినవి పదహారు, అందులో పదకొండే ప్లేటు మీద. మోకాలి మీద ఎనిమిదికి ఎనిమిది. చెట్టుకు ఆనుకుని ఆరుకు ఆరు. కాబట్టి నిలబడి, ఆధారం లేకుండా, 30 గజాలు దాటి కాల్చకూడదని డైరీలో రాసి సంతకం పెట్టాను.

పంపు ఆడించడం కూడా నేర్చుకోవాలి. మొదట్లో పిడిని మెల్లగా లాగేవాడిని, ఖాళీ కేసు సగం బయటికొచ్చి ఇరుక్కుంది. చివరిదాకా గట్టిగా లాగి, చివరిదాకా తోయాలి. ఇంట్లో డమ్మీ తూటాలతో, గ్లౌజులు వేసుకుని, రోజూ ఇరవై సార్లు. స్కోప్‌లోంచి కన్ను తీయకుండా.

నవంబర్ 23

చలి 2 డిగ్రీల సెల్సియస్. రాత్రంతా రైఫిల్‌ను గ్యారేజీలో ఉంచి పొద్దున చల్లటి బ్యారెల్‌తో ఒకే ఒక్క తూటా. ఒకటింపావు అంగుళం పైకి, అర అంగుళం కుడికి. ముట్టుకోలేదు. పెయింటు గీతలు విరగలేదు.

డిసెంబర్ 2, సోమవారం

సీజన్ శనివారం మొదలైంది. మొదటి రోజు సాయంత్రం, చీకటి పడుతుండగా, 80 గజాల్లో ఒక మగజింక వచ్చింది. స్కోప్ 4 రెట్ల మీద ఉంది. మెడ, చెవులు, కొమ్ములు స్పష్టంగా కనిపించాయి. రెండు పక్కలా రెండేసి మొనలే. మూడుసార్లు లెక్కపెట్టాను. సేఫ్టీ తీయలేదు.

ఈ రోజు తెల్లవారి చలిగాలి, సన్నగా మంచు. తల, ఛాతీ, వీపు మీద కలిపి 250 చదరపు అంగుళాల నారింజరంగు ఉండాలి, టోపీ, జాకెట్ రెండూ అదే. దుంగకు వీపు ఆనించి కూర్చున్నాను. ఎనిమిదిన్నరకు లారెల్ పొదల్లోంచి రెండు ఆడజింకలు. నా దగ్గర ఈ యూనిట్‌కు ఆడజింక లైసెన్సుంది. స్కోప్ 2 రెట్ల మీదే ఉంది కాబట్టి రెండూ ఒకేసారి చట్రంలో పడ్డాయి. పెద్దది పక్కకు తిరిగి, వెనక ఏమీ లేకుండా, మట్టి గట్టు మాత్రమే ఉండేలా నిలబడేదాకా ఆగాను. మోకాలి మీద మోచెయ్యి. 55 గజాలు.

శబ్దం వినిపించింది గానీ దెబ్బ తెలియలేదు. ఎడమ చెయ్యి తనంతట తనే పంపు ఆడించింది, రెండో తూటా ఎక్కింది, అవసరం రాలేదు. జింక ముందుకు దూకి, 35 గజాలు పరిగెత్తి హెమ్లాక్ కింద పడింది. కోర్సులో చెప్పినట్టు ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చున్నాను. చేతులు వణుకుతున్నాయి. వెళ్లేసరికి కళ్లు తెరిచి ఉన్నాయి, ఊపిరి లేదు. తల మీద చెయ్యి పెట్టి కాసేపు కూర్చున్నాను. తర్వాత ట్యాగు నింపి చెవికి కట్టాను.

బుల్లెట్ రెండు ఊపిరితిత్తుల గుండా దూరి అవతలికి వెళ్లిపోయింది. గాయం చుట్టూ చెడిపోయిన మాంసం గుప్పెడు కూడా లేదు.

మధ్యాహ్నం కొండ దిగాక సిగ్నల్ దొరికింది. అమ్మకు ఫోన్ చేశాను. ఆమె మొదటి ప్రశ్న, “ఎంత దూరం పరిగెత్తింది?”

చెప్పాను. “సరే” అంది.

డిసెంబర్ 21

సీజన్ అయ్యాక మళ్లీ రేంజి. మంచులో రెండు వారాలు మోశాను, ఒకసారి రాతి మీద జారి స్కోప్ వైపే పడ్డాను. చల్లటి బ్యారెల్‌తో ఒక తూటా: ఒకటిన్నర అంగుళం పైకి, మధ్య గీత మీద. ఇంకో రెండు దాని పక్కనే. క్లిక్కులు కదపలేదు.

ఇంటికొచ్చి చాంబర్‌ను బ్రష్‌తో రుద్ది, నూనె గుడ్డ తిప్పి, టార్చి వేసి చూశాను, కొత్త తుప్పు లేదు. ఆ లాట్‌లో తూటాలు పదకొండు మిగిలాయి. పెట్టె మీద తేదీ, క్లిక్కుల లెక్క రాసి తాళంపెట్టెలో పెట్టాను.